కడితం మీది లంక

నా రేకుపెట్టెలో నలభై మూడు వస్తువులున్నాయి. చీటీలు మాత్రం నలభై నాలుగు. వస్తువులేని ఆ చీటీ మీద నా చేతిరాతతోనే ఇలా ఉంది: "లంక పటం. ట్రేసింగు గుడ్డ. పొడవు ముప్పయి ఒకటిన్నర అంగుళాలు, వెడల్పు ఇరవై రెండు. స్థితి: చెదలు లేవు, మరకలు లేవు." ఆ చీటీని చింపెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

పాత పటాలూ పాత పుస్తకాలూ పోగుచెయ్యడం నాకు మద్రాసు సర్వే స్కూల్లో ఉండగా అంటుకుంది. చదువు ముగిసి, ధవళేశ్వరంలో ఇంజినీరుగారి ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగంలో చేరాక మరీ ముదిరింది. అప్పటికి ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళు దాటింది. కాలవల వెంట ఏ ఊరు వెళ్ళినా ఏదో ఒకటి దొరికేది. కోరంగి రేవులో నీటిలోతులు గుర్తించిన పటం ఒకటుంది. అందులో ఓడలు లంగరు వేసే చోటని రాసిన దగ్గర ఇప్పుడు పీతలు తిరుగుతాయి. ఒక దొర బంగళా ఖాళీ చేస్తే దొరికిన అట్లాసులో చెదపురుగులు ఆఫ్రికాను సగం దాకా తిని, సముద్రం ఒడ్డున ఆగిపోయాయి. అచ్చుయంత్రాలు కొత్తగా వచ్చిన రోజుల నాటి పంచాంగం ఉంది. తాటాకుల గణితం కట్ట ఉంది. ఆఫీసులో మా పెద్ద డ్రాఫ్టుమన్ గారు నన్ను "చిత్తుకాగితాల జమీందారుగారూ" అని పిలిచేవారు. నాకు కోపం వచ్చేది కాదు. ఆదివారం పొద్దున అవన్నీ చాప మీద పరుచుకుని కూర్చుంటే, ఎప్పుడో ఎవరో నడిచిన దారుల్లో నేనూ కాళ్ళు నొవ్వకుండా నడుస్తున్నట్టుండేది.

ట్రేసింగు గుడ్డ గురించి ఇక్కడే చెప్పాలి. దొరల సీమ నుంచి చుట్టలుగా వచ్చే సన్నటి నూలుగుడ్డ అది. గంజి దట్టంగా పట్టించి, గాజులా మెరిసేట్టు రుద్ది పంపుతారు. పటం మీద పరిస్తే కింది గీత పైకి కనపడుతుంది. దాని మీద నల్లసిరాతో నకలు తీస్తాం. ఒక్క నీటిబొట్టు పడితే గుడ్డ పాడవుతుంది. అలా పాడయిన ముక్కల్ని ఇంటికి పట్టుకుపోవడం మా ఆఫీసులో అందరికీ అలవాటు. బూడిదనీళ్ళలో ఉడకబెడితే గంజీ సిరా వదిలి, గుడ్డ వెన్నలా మెత్తబడుతుంది. ధవళేశ్వరంలో డ్రాఫ్టుమన్ల ఇళ్ళలో రుమాళ్ళన్నీ ఒకప్పుడు కాలవలూ లాకులూ వంతెనలే.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో గోదావరి గట్టు కొలవడానికి నన్ను దిగువన ఒక ఊరికి పంపారు. గట్టు మీద రోజూ ఉదయం ఒక ముసలాయన చేతికర్ర పక్కన పెట్టుకుని, నీళ్ళ వైపు తిరిగి కూర్చుని ఉండేవారు. మూడో రోజున ఆయనే పలకరించారు.

"ఏం కొలుస్తున్నావయ్యా అబ్బాయ్?"

"గట్టండి."

"గోదారితో ఓ మాట చెప్పి కొలు. నువ్వు రాసుకుని ఇంటికెళ్ళేలోపు అది మార్చేస్తుంది."

నేను నవ్వి కొలత గొలుసు కింద పెట్టాను. ఆయన కర్రతో నది మధ్యకు చూపించారు. "అదిగో, ఆ కొంగ ఎగురుతోంది చూడు. సరిగ్గా దానికింద మా వంటిల్లు."

అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఎండకు మెరుస్తూ, ఏ తొందరా లేకుండా కదులుతున్నాయి. ఆయన ఒకప్పుడు ఆ చోటనే ఉన్న లంకకు కరణం. నది మధ్య ఇసక మేటలు వేసి, వాటి మీద ఒండ్రు పేరుకుని, మనుషులు చేరి పొగాకూ మిరపా పండించుకున్న ఊరది. పన్నెండేళ్ళ కిందట వరుసగా రెండు వరదలకు అంచులు కోసుకుపోయి, మూడో వరదకు మొత్తం వెళ్ళిపోయింది. జనం ముందే ఒడ్డెక్కారు. కరణంగారు మాత్రం ఒడ్డున ఇల్లు కట్టుకుని, లంక మళ్ళీ లేస్తుందేమోనని చూస్తూ ఉండిపోయారు. అలా పోయి అలా లేచిన లంకలు గోదావరిలో లేకపోలేదు.

నేను పాత పటాలు పోగుచేస్తానని చెప్పగానే ఆయన నన్ను ఇంటికి తీసుకువెళ్ళి, దూలానికి కట్టిన ఉట్టిలోంచి ఒక మడతల కట్ట దింపారు. అది కడితం. గుడ్డకు చింతగింజల అంబలీ బొగ్గుపొడీ కలిపి పట్టించి, ఆరబెట్టి, పలకలా చేసి, పూర్వపు కరణాలు బలపంతో దాని మీద రాసుకునేవారు. అలాంటివి కొన్ని చూశాను గాని వాటిలో అంకెలే ఉండేవి. ఇది పటం. ఎనిమిది మడతలు విప్పేసరికి నల్లటి నేల మీద తెల్లటి గీతలతో లంకంతా అరుగు మీద పరుచుకుంది. ప్రతి పొలం చెక్కకూ పేరు. ప్రతి బావికీ పేరు. ఆయన తాతగారు గీసింది, తండ్రిగారు దిద్దింది. కళ్ళు మూసుకున్నప్పుడు కనపడే ఊళ్ళు ఇలాగే నల్లని దాంట్లో తెల్లగా ఉంటాయనిపించింది. నేను దాని పక్కన ఎంతసేపు మోకాళ్ళ మీద ఉన్నానో తెలియదు. అరుగు మీద ఎండ ఒక స్తంభం దాటి రెండో స్తంభం దగ్గరకు వచ్చింది.

"దీన్ని నాకిస్తారా అండి?" అని అడిగాను.

"ఇవ్వను. ఆషాఢంలో కొత్తనీరు రాగానే గోదారికిచ్చేస్తాను."

ఆయన లెక్క ఇదీ: "మనిషి దేశాలు పట్టిపోతే పన్నెండేళ్ళు చూస్తాం. రాకపోతే దర్భబొమ్మ చేసి కర్మ చేసేస్తాం. లంక పోయీ పన్నెండేళ్ళయింది. ఇంకా ఈ కడితం ఇంట్లో పెట్టుకుంటే దానికీ గతి ఉండదు, నాకూ ఉండదు."

"మీరిచ్చేస్తే ఇంక ఆ లంక ఎక్కడా ఉండదండి. మా ఆఫీసు పటాల్లో కూడా లేదు. అక్కడ కోడిగుడ్డులాంటి గీత గీసి లోపల చుక్కలు పెట్టేరు, అంతే."

"ఇప్పుడు మాత్రం ఎక్కడుందయ్యా?"

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. నాలుగో రోజున ఆయనే దిగివచ్చారు.

"నకలు తీసుకో. దర్భబొమ్మ మనిషి కాదు, నకలు కడితం కాదు. కాబట్టి దోషం లేదు. కాని ఒక మాట. కడితం పోయేక నాకు చూడాలనిపించినప్పుడల్లా నీ గుడ్డ తెచ్చి చూపించాలి. ఆఫీసు, సెలవు అనకూడదు."

"అననండి."

"నా కళ్ళు పనిచేసినన్నాళ్ళే. ఎంతో కాలం కాదులే."

మాట ఇచ్చాను. మూడు రోజులు ఆయన అరుగు మీదే కూర్చుని నకలు తీశాను. కొలతలు, లెక్కలు అన్నీ ఫీల్డు బుక్కులో వేరే రాసుకున్నాను: చెక్కలు అరవై ఒకటి, బావులు నాలుగు, ఇళ్ళు పంతొమ్మిది, రేవు ఒకటి, లంక గట్టు చుట్టుకొలత ఇన్ని గొలుసులు. గట్టును రెండుసార్లు సిరా పెట్టి లావుగా గీశాను. పేర్లు ఎలాగూ గుడ్డ మీద ఉన్నాయి కదా అని బుక్కులో రాయలేదు. ఆ ఒక్క అజాగ్రత్త గుర్తొస్తే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆషాఢంలో కొత్తనీరు వచ్చిందని కబురందగానే వెళ్ళాను. తెల్లవారి ఇంకా మంచి వెలుగు రాలేదు. నది ఇటుక రంగులో, నురగలు కట్టి, పైనుంచి చెట్టుకొమ్మలు తెస్తూ వెళుతోంది. కరణంగారు స్నానం చేసి, కడితానికి పసుపూ కుంకుమా పెట్టి, మడతలన్నీ విప్పి, పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు పట్టుకున్నట్టు రెండు చేతుల మీద ఉంచి నీళ్ళలోకి దించారు. నలుపు ముందు పొగలా విడిపోయింది. తెల్లగీతలు ఒక్క క్షణం నీళ్ళ మీద తమంతట తాము నిలిచాయనిపించింది. నా కళ్ళు అలా అనుకుని ఉండవచ్చు. తరవాత వట్టిగుడ్డ ఒకటి మడత పడుతూ వెళ్ళిపోయింది.

"నీ దగ్గర జాగ్రత్తగా ఉందిగా?" అని ఒక్కసారే అడిగారు.

"పెట్టెలో ఉందండి."

నిజంగానే పెట్టెలో ఉంది. కాని నాకొక పద్ధతి ఉండేది. దాచుకునే చుట్టలకు ఎర్రనాడా కట్టేవాణ్ణి. ఉతుక్కోవడానికి తెచ్చిన పాడు ముక్కలకు తెల్ల పురికొస. అమ్మకు చదువు రాదు కాబట్టి నేనే పెట్టిన గుర్తు అది. పెట్టెలో అయినా బల్ల మీద అయినా, తెల్ల పురికొస ఉన్నది ఏదైనా ఆవిడ తీసుకోవచ్చు. లంక పటాన్ని ఇంటికి తెచ్చిన రోజున ఎర్రనాడా అయిపోయింది. ఆఫీసు నుంచి తెచ్చేదాకా ఉండనీ అని తెల్లది కట్టాను. ఆ తరవాత నాడా తేవడం రేపూ ఎల్లుండీ అయింది. కొత్తనీరు చూసి ఇల్లు చేరిన సాయంత్రమే, ఒక కాలవ గట్టుకు గండి పడిందని మమ్మల్నందరినీ అక్కడికి పంపేశారు.

ఇరవై మూడు రోజుల తరవాత ఇంటికి వచ్చాను. పురిటికి వచ్చి ఉన్న మా చెల్లికి అనుకున్నదానికంటే ముందే కొడుకు పుట్టాడు. అమ్మ వాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించి, సాంబ్రాణి పొగ పట్టి, ఒక తెల్లటి చొక్కా తొడుగుతోంది. చొక్కా వాడికి మోకాళ్ళు దాటి పాదాల దాకా ఉంది. పొట్ట మీదుగా బూడిదరంగు గీత ఒకటి, ఉండీ లేనట్టు, వంపు తిరిగి చంక కిందకు వెళ్ళింది.

ఆ వంపు నాకు తెలుసు.

"అమ్మా, ఈ గుడ్డ ఎక్కడిది?"

"నువ్వు తెచ్చిందే. తెల్ల పురికొసతో ఉన్నవి ఉతుక్కోమన్నావుగా. రెండు చొక్కాలొచ్చేయి, ఓ రుమాలు ముక్క మిగిలింది. ఇంత పెద్ద గుడ్డ ఎప్పుడూ తేలేదురా నువ్వు."

"అది కొత్తదమ్మా. రెండు నెలలు కూడా కాలేదు."

"రాసేసిన గుడ్డ పాతదే కదరా. పురిటిబిడ్డకి కొత్తగుడ్డ తగిలించకూడదని నీకు వేరే చెప్పాలా? ఇంట్లో పాతచీరలన్నీ ముతకవి. నీ గుడ్డే మెత్తగా కనపడింది."

గుమ్మంలోంచి మా చెల్లి అంది: "అన్నయ్య మొహం చూడమ్మా. వీడేదో పుట్టగానే ఆనకట్ట బద్దలుకొట్టినట్టు చూస్తున్నాడు."

నేను చెప్పాను. మెల్లిగా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అమ్మ చొక్కా అంచు పట్టుకుని చూసి, "కుట్లు విప్పేసి ఇచ్చెయ్యనా?" అంది. విప్పినా దాని మీద ఇంక ఏముందని? ఒక్క పేరు లేదు. రెండుసార్లు సిరా పెట్టిన గట్టు మాత్రమే నీడలా మిగిలింది. వద్దన్నాను. చొక్కా వాడి ఒంటి మీద నిజంగా బాగుంది కూడా.

ఆ ఊరికి వెళ్ళకుండా పది రోజులు గడిపాను. పదకొండో రోజున కాలవ మీద వచ్చిన పడవ సరంగు మా వీధి అరుగు ముందు నిలబడి, "కరణంగారు మీ గుడ్డ చూడాలంటన్నారండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆఫీసు అనకూడదు, సెలవు అనకూడదు. మర్నాడు మిగిలిన రుమాలు ముక్క జేబులో పెట్టుకుని పడవెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో వరసగా నాలుగు మాటలు అనుకున్నాను. ఆయన అరుగు ఎక్కాక ఆ నాలుగూ పోయాయి. ముక్క ఆయన మోకాలి మీద పెట్టి, జరిగింది చెప్పాను.

ఆయన దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశారు. నేను తల వంచుకుని ఉన్నాను. దగ్గుతున్నారనుకున్నాను. నవ్వుతున్నారు.

"నాది నేను గోదాట్లో ఉతికేను, నీది మీ అమ్మ పొయ్యి మీద ఉతికింది. ఇద్దరం కలిసి ఊరు శుభ్రంగా ఉతికి ఆరేసేం."

"క్షమించండి తాతగారూ."

"నిజం లంకలో ముందు పోయింది గట్టేనయ్యా. నీ లంకలో గట్టొక్కటే మిగిలింది." నవ్వు ఆగిపోయింది. ముక్కను మడిచి, మళ్ళీ విప్పారు. "చూడాలనిపించింది అబ్బాయ్. నిన్న పొద్దున్న లేచేసరికి మా బావి ఏ మూలనుందో గుర్తు రాలేదు. అందుకే కబురు పెట్టేను."

అప్పుడు నాకు ఫీల్డు బుక్కు గుర్తొచ్చింది. తీసి చదివాను. చెక్కలు అరవై ఒకటి, బావులు నాలుగు, ఇళ్ళు పంతొమ్మిది. ఆయన ఓపిగ్గా విన్నారు.

"పేర్లు?"

"రాసుకోలేదండి. మీరు చెపితే రాస్తాను. కొలతలు నా దగ్గరున్నాయి, పేర్లు మీ దగ్గరున్నాయి. పటం మళ్ళీ వస్తుందండి."

భాద్రపదం నుంచి ప్రతి ఆదివారం వెళ్ళాను. రేకుపెట్టె చాప మీద పరవడం మానేశాను. ఆయన కళ్ళు మూసుకుని చెప్పేవారు. మొదట్లో నాకు పిచ్చెత్తినంత పనయింది. ఒక వారం రేగుచెట్టు మెరక అవతల మిరపచెక్క అన్నది, పై వారం దానికి ఇవతల వచ్చేది. కొలతలతో పొసగేది కాదు.

"పోయినవారం అది ఎడమ చేతి వైపన్నారండి."

"పోయినవారం రేవులోంచి ఎక్కి వచ్చేను. ఇవాళ మా ఇంట్లోంచి బయల్దేరేను. నువ్వెక్కడున్నావు?"

నేను అరుగు మీదే ఉన్నాను. తప్పు అక్కడుంది. ఆయన పటం చెప్పడం లేదు, నడుస్తున్నారు. ఆ మాట బోధపడ్డాక నేను ముందుగా అడగడం మొదలుపెట్టాను: "ఇవాళ ఎక్కడ మొదలండి? ఎండా, మబ్బా?" మబ్బయితే ఆయన పొగాకు పందిళ్ళ కిందుగా వెళ్ళేవారు. ఎండయితే బావుల వెంట. నేను పెన్సిలు పట్టుకుని వెనకే వెళ్ళేవాణ్ణి. కాసేపటికి అరుగూ గోడలూ పలచబడి, కాళ్ళ కింద వెచ్చటి ఇసక తగిలేది. ఎవరో నీళ్ళు చేదుతున్న గిలక చప్పుడు వినపడేది. "తల వంచుకో, ఇక్కడ కొమ్మ తగుల్తుంది" అని ఆయన అంటే నేను నిజంగానే తల వంచాను. ఒకసారి ఆయన వాకిట్లో ఆగిపోయి, ఎంతకీ ముందుకు కదలలేదు. లోపల ఎవరున్నారో నేను అడగలేదు. ఆ ఆదివారం అక్కడితో ఆపేశాం.

కార్తీకం చివరికి అరవై ఒక్క చెక్కల్లో యాభై ఎనిమిదింటికి పేర్లు వచ్చాయి. మూడు ఎంత నడిచినా రాలేదు. వాటిని ఖాళీగా వదిలి, మంచి కాగితం మీద పటం గీసి, ఎర్రనాడా కట్టాను. ఆ నాడాకు మూడు ముళ్ళు వేశాను.

మార్గశిరంలో మా చెల్లిని అయిదో నెల పిల్లాడితో అత్తవారింటికి పంపాం. నేను దిగబెట్టడానికి వెళ్ళాను. పడవ కరణంగారి ఊరి దగ్గర లాకులో ఆగుతుంది. నీళ్ళు దిగి తలుపులు తెరుచుకునేదాకా ఎలాగూ అరగంట. ముందే కబురు పెట్టాను. మంచు ఇంకా విడలేదు. ఆయన కర్ర పొడుచుకుంటూ లాకు గోడ వెంట వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. పటం విప్పి చూపించాను. తడిమి తడిమి చూశారు. బావి దగ్గర వేలు ఆగింది. "ఈ మూలనా? అవును, ఈ మూలనే," అన్నారు.

మా చెల్లి పడవలోంచి పిల్లాణ్ణి అందించింది. చలికి పైన ఏవేవో చుట్టినా, లోపల ఆ చొక్కాయే ఉంది. అన్నిటికంటే అదే మెత్తనని అమ్మ మానలేదు. ఇప్పుడది వాడికి మోకాళ్ళ దాకా వస్తోంది. ఆయన పై గుడ్డ తప్పించి, కళ్ళు చిట్లించి, ఆ బూడిదరంగు గీత మీద వేలితో మెల్లిగా నడిచారు. వాడు కితకితలకు నవ్వాడు.

"ఇదిగో, ఇక్కడ," అన్నారాయన, హఠాత్తుగా వేలు ఆపి. "ఇక్కడ గట్టు కొంచెం లోపలికి తిరుగుతుంది చూడు. మేం పిల్లలం దొంగతనంగా ఈతకి దిగే చోటు. దొంగరేవు అనేవాళ్ళం."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండి? కడితంలో కూడా ఆ పేరు లేదే."

"మా నాన్నకి తెలిస్తే కదయ్యా, కడితంలో ఎక్కించడానికి."

నేను పెన్సిలు తీసేలోపు పిల్లాడు చొక్కా, ఆయన పంచె ఒకేసారి తడిపేశాడు. మా చెల్లి సిగ్గుపడి చేతులు చాపింది.

"అయ్యయ్యో, ఇటివ్వండి తాతగారూ."

"ఉండనీ అమ్మా. వరదొచ్చింది, అంతే. మాకలవాటే," అని ఆయన వాణ్ణి ఇవ్వలేదు.

లాకులో నీళ్ళు దిగుతున్నాయి, పడవ గోడ వెంట మెల్లగా కిందకు జారుతోంది. సరంగు తొందరపెడుతున్నాడు. కొలతలతో గీసిన కొత్త పటంలో గట్టు పొడుగునా ఎక్కడ చూసినా అలాంటి వంపు లేదు. నేను కొలబద్ద తీసి పిల్లాడి పొట్ట మీద పెట్టి కొలిచాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారని తెలుసు. పటం అంచున, అప్పటికప్పుడు, పెన్సిలుతోనే రాసుకున్నాను: దొంగరేవు, బొడ్డుకు రెండుంపావు అంగుళాల పడమర.